మూడో తలుపు దగ్గర ఇద్దరు

మధ్యాహ్నం రెండూ పదికి ఫోనక్క పోలీసు స్టేషన్‌లో లాకప్పు పక్క గదిలోకి వెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఐదింటికి మావయ్యని జడ్జి ముందు నిలబెడతారు. ఒకసారి జైలు గడప దాటించాక ఆయన కోసం వెతికేవాళ్ళెవరూ ఉండరు. చేతిలో ఉన్నది రెండు గంటల యాభై నిమిషాలు.

ఆమె అసలు పేరు పిలిచేవాళ్ళు లేక చాలా కాలమైంది. ఇరవై రెండేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో తెగిన లైన్లు వెతికింది. ఎక్స్ఛేంజీ మూతబడ్డాక మనుషుల సంగతులు వెతికిపెట్టే పని పెట్టుకుంది. రెండు పనులూ ఒకటేననిపించేదామెకి. రెండింట్లోనూ చెవి ఒగ్గి కూర్చోవాలి. మాట ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయిందో కనిపెట్టాలి.

మావయ్య నీటి సరఫరా కేంద్రంలో నెట్‌వర్కు ఇంజనీరు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఆయనకి అక్కచెల్లెళ్ళు లేరు, పెళ్ళి లేదు. అయినా కేంద్రంలో స్వీపరు నుంచి అధికారి దాకా అందరికీ ఆయన మావయ్యే.

మూడు రోజుల కిందట, పొద్దున పదకొండూ నలభై రెండుకి, నీళ్ళు తీసేసిన మూడో ట్యాంకులో ఒక పనివాడు అడుగు కడుగుతుండగా గేటు తెరుచుకుని నీళ్ళు ముంచెత్తాయి. ఆ మనిషి ఆసుపత్రిలో ఇంకా కళ్ళు తెరవలేదు. గేటు తెరవమన్న ఆజ్ఞ కంప్యూటరులోంచి వెళ్ళింది, మావయ్య పేరుతో, మావయ్య పాస్‌వర్డుతో. ఆ సమయానికి మావయ్య కొండకవతల ఐదో పంపుహౌసులో ఒక్కడే ఉన్నాడు. సాక్షి లేడు. ఇన్‌స్పెక్టరు గంటలో కేసు తేల్చేశాడు, నిన్న సాయంత్రం ఆయన్ని పట్టుకొచ్చాడు.

ఫోనక్కని పెట్టుకున్నది ఆ పనివాడి భార్య. "మా ఆయనకి రోజూ తన కారేజీలో సగం పెట్టేవాడు మావయ్య. అలాంటి మనిషి చంపుతాడా?" అందామె. పోలీసులకి అది రుజువు కాదు. ఫోనక్కకి కూడా కాదు. కానీ వినాల్సిన మాట అనిపించింది.

"భోజనం చేశారా?" అని బల్ల అవతల కూర్చున్న మావయ్యని అడిగింది.

"పెట్టారమ్మా."

"పెట్టారు సరే. చేశారా?"

మావయ్య కుడిచేతి బొటనవేలితో మిగతా వేళ్ళ కణుపులు తాకుతున్నాడు. ఏడు తాకి ఆగుతున్నాడు, మళ్ళీ మొదటికొస్తున్నాడు. జపమా అనుకుంది. పెదాలు చూస్తే జపంలా లేదు.

"పోలీసులకి మీరేదో చెప్పలేదు."

"నేను చెయ్యలేదని చెప్పానమ్మా. ఇంకేముంది?"

"మీరు భయపడుతున్నట్టు లేరు. సిగ్గుపడుతున్నట్టున్నారు. భయపడేవాడు నా కళ్ళలోకి చూస్తాడు, నేనేమైనా దారి చూపిస్తానేమోనని. మీరు బల్ల చూస్తున్నారు. దేనికి సిగ్గు?"

ఆయన వేళ్ళు ఆగిపోయాయి. కాసేపటికి, ఇంకెవరో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టాడు.

"మా కేంద్రం సూపరింటెండెంటుగారు ఏడాది కిందట కాయితం పంపారు, రూటర్లలో పలకరింపులు ఆపెయ్యమని. ఆపేశానని రాసి సంతకం పెట్టాను. ఆపలేదు."

"పలకరింపులంటే?"

"నీళ్ళకి గొట్టాలు కలిసేచోట కూడలి ఉంటుంది చూడండి, మా కంప్యూటర్ల మాటలకి రూటరు అలాంటి కూడలి. కంట్రోల్ రూములో ఒకటి, ఏడు పంపుహౌసుల్లో ఏడు. ప్రతి రూటరూ నిమిషానికోసారి తన వైరు అవతల ఉన్నవాడికి 'నేను ఫలానా, ఇక్కడే ఉన్నాను' అని చెబుతుంది. విన్నవాడు ఆ పేరు ఒక పట్టీలో రాసుకుంటాడు. నూట ఎనభై సెకన్లు గుర్తుంచుకుంటాడు. ఈలోగా మళ్ళీ పలకరింపు వస్తే లెక్క మళ్ళీ నూట ఎనభైకి ఎక్కుతుంది. రాకపోతే తగ్గుతూ తగ్గుతూ సున్నా అవుతుంది. అప్పుడు పేరు కొట్టేస్తాడు."

"మూడు నిమిషాలకే మర్చిపోతాడన్నమాట."

"మూడు నిమిషాలు తక్కువేం కాదమ్మా," అన్నాడు మావయ్య.

ఆ మాట ఫోనక్కకి ఎక్కడో తగిలింది. ఆమె ఉండే మేడ మీద ఎదురింటి తలుపు వెనక ఒకాయన ఆరేళ్ళుగా దగ్గుతున్నాడు. ఆయన ముఖం ఆమె సరిగ్గా చూడలేదు. పొద్దున ఆరున్నరకి దగ్గు వినిపిస్తే, తన రోజు మొదలైందని లేస్తుంది. తన అలికిడి ఆగిపోతే ఆయనకి ఎన్నాళ్ళకి తెలుస్తుంది? ఆ ఆలోచనని పక్కకి నెట్టింది. అది పోకుండా పక్కనే కూర్చుంది.

"ఎందుకు ఆపలేదు?"

"ఆ ఎనిమిదింటికీ పేర్లు నేనే పెట్టాను. కంట్రోల్ రూములోది పెద్దన్న. మిగతావి అక్క, బావ, వదిన, పిన్ని, మేనత్త, తమ్ముడు, మరదలు. నవ్వుతారు అందరూ. నవ్వనీండి. పొద్దున్నే పెద్దన్న దగ్గర కూర్చుని పట్టీ తెరిస్తే, ఇంటిల్లిపాదీ లేచారో లేదో తెలిసేది. పలకరింపులు ఆపితే..." మాట మింగేశాడు. "అబద్ధం సంతకం పెట్టానని తెలిస్తే ఉద్యోగం పోతుంది. చెయ్యని నేరంకంటే చేసిన ఆ పనికే సిగ్గేసింది."

"ఆ పట్టీ చివరిసారి ఎప్పుడు చూశారు?"

"నెల కిందట. సూపరింటెండెంటుగారు నన్ను ఐదో పంపుహౌసుకి బదిలీ చేశారు. అక్కడ మేనత్త దగ్గర కూర్చుంటే పెద్దన్న ఒక్కడే కనిపిస్తాడు. పక్కవాడే తెలుస్తాడు గానీ, పక్కవాడి పక్కవాడు తెలియడు. అందుకని వెళ్ళిపోయే రోజు పొద్దున పెద్దన్న దగ్గర నుంచే ఏడుగురి ఇళ్ళకీ వెళ్ళొచ్చాను. అంటే, ఇక్కడ కూర్చునే ఒక్కొక్క రూటరులోకీ పాస్‌వర్డు కొట్టి లోపలికెళ్ళి, అంతా బాగుందో లేదో చూసి వచ్చానమ్మా. ఊరు వదిలి వెళ్ళేవాడు చుట్టాలకి చెప్పి వెళ్ళడూ? చివర్లో పట్టీ తెరిచాను. కళ్ళు సరిగ్గా కనబడలేదు ఆ వేళ. కింద మొత్తం ఎంతమందో అంకె ఉంటుంది, అది చూసుకున్నాను. ఎనిమిది. అందరూ ఉన్నారులే అనుకుని లేచాను."

ఫోనక్క కుర్చీలో ముందుకు జరిగింది.

"మావయ్యా, పెద్దన్న పట్టీలో పెద్దన్న పేరు ఉంటుందా?"

"ఎందుకుంటుంది? తనని తనెందుకు పలకరించుకుంటాడు? పక్కవాళ్ళ పేర్లే..."

ఆయన బొటనవేలు మళ్ళీ కణుపులు తాకడం మొదలుపెట్టింది. ఏడు దగ్గర ఆగింది.

"ఏడుండాలి," అన్నాడు.

*

మూడూ ఐదుకి ఆమె కంట్రోల్ రూములో అడుగుపెట్టేసరికి ఇన్‌స్పెక్టరు అక్కడే ఉన్నాడు. జడ్జికి చూపించాల్సిన కాయితాలు తీసుకుంటున్నాడు. గదిలో ఇంకొకావిడే ఉంది. డ్యూటీలో ఉన్న ఆపరేటరు, నలభై ఏళ్ళ మనిషి, చీర కొంగు నడుముకి బిగించి తెరల ముందు కూర్చుంది. గోడకవతల పంపుల హోరు. అందులో ఏడు సెకన్లకోసారి టక్కుమని ఒక దెబ్బ.

"అదేం చప్పుడు?" అంది ఫోనక్క.

"రెండో పంపండీ. బేరింగు అరిగింది. ఏడాదిగా చెబుతున్నాం," అంది ఆపరేటరు.

"రండి రండి ఫోనక్కగారూ!" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "పెళ్ళయ్యాక పప్పు రుబ్బడానికి వచ్చారు. కేసు అయిపోయింది."

"అయిపోతే తొందరెందుకు? నాకు పది నిమిషాలివ్వండి."

"మీకు పదిహేనేళ్ళు ఇచ్చింది డిపార్టుమెంటు. దొంగ ఫోన్లు పట్టిస్తూ మా పతకాలు మీరు పట్టుకుపోయారు. ఈసారి ఏం వినబడింది?"

"ట్యాంకులో పడ్డ మనిషి ముందు రోజు రాత్రి భార్యతో ఒక మాటన్నాడు. 'మావయ్యకి తెలియని చుట్టం ఒకడు కింద కాపురం పెట్టాడే, రేపు చెప్పి నవ్విస్తా' అని. ఆవిడ మీకు చెప్పింది. మీరు రాసుకోలేదు."

"ఏడుస్తూ ఏదో చెప్పింది. చుట్టాల సంగతులు రాసుకోడానికి నేను పెళ్ళిళ్ళ పేరయ్యనా?"

ఫోనక్క ఆపరేటరు వైపు తిరిగింది. "అమ్మా, పెద్దన్న దగ్గర పక్కవాళ్ళ పట్టీ చూపిస్తావా?"

ఆపరేటరు తటపటాయించింది. "అవి ఆపేశారు కదండీ."

"చూద్దాం."

ఆమె రెండు మాటలు కొట్టింది. తెర మీద వరసలు పడ్డాయి. ఎడమ పక్క పేరు, తర్వాత వైర్లు గుచ్చడానికి పెద్దన్నకున్న తలుపుల్లో ఏ తలుపు దగ్గర నిలబడి పలకరించాడో ఆ అంకె, ఆ పక్కన తగ్గుతున్న సెకన్లు. ఒకటో తలుపు దగ్గర అక్క. రెండు దగ్గర బావ. మూడు దగ్గర వదిన.

దాని కిందే మళ్ళీ మూడు. పేరు చోట 'రూటర్' అని మాత్రమే ఉంది.

"ఇదేంటండీ!" అంది ఆపరేటరు. "ఒక తలుపు దగ్గర ఇద్దరు. ఈ రెండోవాడికి పేరు కూడా పెట్టలేదు. ఫ్యాక్టరీలోంచి వచ్చినప్పుడు ఉండే పేరిది."

"మూడో తలుపు వైరు మధ్యలో ఎవరైనా చీలిక పెట్టి ఇంకోటి తగిలిస్తే?"

"అప్పుడిలాగే కనిపిస్తుంది. ఆ వైరు మీద పోయేదంతా వాడు చదవొచ్చు కూడా. మేం దూరం రూటర్లలోకి వెళ్ళే పద్ధతి పాతదండీ. పాస్‌వర్డు పోస్టుకార్డు మీద రాసి పంపినట్టే."

వీడ్కోలు చెప్పడానికి వదిన ఇంటికి వెళ్ళిన ఒక మనిషి, దారిలో పొంచి ఉన్నవాడి చేతిలో తన తాళంచెవి పెట్టాడు. ఫోనక్క ఆ సంగతి బయటికి అనలేదు. అంటే మావయ్య వినకపోయినా ఆయన్ని అవమానించినట్టు ఉంటుందనిపించింది.

"వాడెంత దూరంలో ఉన్నాడో తెలుస్తుందా?"

"పిలిచి చూడొచ్చు. ఐదు కబుర్లు పంపుతాను. జవాబు రాకపోతే చుక్క పడుతుంది, వస్తే ఆశ్చర్యార్థకం." ముందు వదినని పిలిచింది. ఐదూ అందాయి, ఇరవై రెండు మిల్లీసెకన్లు. "వదిన కొండకవతల ఉంది కదండీ, టవరు మీంచి రేడియోలో వెళ్ళి రావాలి." తర్వాత పేరులేనివాడిని పిలిచింది. మొదట ఒక చుక్క. "మొదటిది చాలాసార్లు అంతేనండీ, ఇల్లు వెతుక్కోడంలో పోతుంది." తర్వాత నాలుగు ఆశ్చర్యార్థకాలు. ఒక్క మిల్లీసెకను.

"టవరు దాటలేదు," అంది ఫోనక్క. "ఈ ఆవరణలోనే ఉన్నాడు."

ఇన్‌స్పెక్టరు చేతిలో కాయితాలు కింద పెట్టాడు. "లోపలికి వెళ్ళి చూడండి మరి."

ఆపరేటరు ప్రయత్నించింది. అవతలివాడు పాస్‌వర్డు అడిగాడు. ఉన్నవన్నీ కొట్టింది. మూడోసారికి లైను పెట్టేశాడు.

"మూడో తలుపు వైరు ఎటు పోతుంది?"

"ఇక్కడి నుంచి కిందికి దిగి, మూడో ట్యాంకు పక్కన వాల్వు గదిలోంచి టవరుకి పోతుందండీ. ట్యాంకు అడుగుకి నిచ్చెన దిగితేనే ఆ గదికి దారి, ఎవరూ వెళ్ళరు. ట్యాంకు కడిగేవాళ్ళు తప్ప."

ముందు కదిలింది ఇన్‌స్పెక్టరే. ఫోను తీసి, తెలివంతా తనదే అన్నట్టు స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాడు. గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది.

"సూపరింటెండెంటుగారూ, ఎక్కడున్నారు?"

"హెడ్డాఫీసులో. నలభై కిలోమీటర్లు. మీటింగు మధ్యలో బయటికొచ్చి మాట్లాడుతున్నా. ఏమిటి?"

"ఇక్కడ ఫోనక్కగారు చెప్పి తెరిపించారు, పెద్దన్న పట్టీలో మూడో తలుపు దగ్గర ఎవడో అదనంగా కనబడుతున్నాడు..."

ఫోనక్క చెయ్యెత్తి ఆపబోయింది. మాట అప్పటికే గడప దాటింది.

ఫోనులో కాస్త నిశ్శబ్దం. దాని అడుగున ఒక సన్నటి హోరు. టక్. గోడలోంచి, ఫోనులోంచి ఒకేసారి వినిపించింది. ఈ గది చప్పుడే ఫోను పట్టుకుని తిప్పి వినిపిస్తోంది కాబోలు అనుకుందామె.

"పట్టీయా? అవి మావయ్య ఆపేశాడే," అంది అవతలి గొంతు. "పాత పేరేదో మిగిలిపోయి ఉంటుంది. పట్టించుకోకండి. నేనొచ్చి చూస్తా." లైను కట్టయింది.

"పాతదట," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మూడు నిమిషాలకి మించి పాతదేదీ ఇందులో ఉండదు. మీరెందుకు చెప్పారు?"

"ఆయన ఇక్కడి అధికారి. మీలాగా గోడకి చెవి పెట్టుకుని బతకాలా నేను?"

"అక్కా," అంది ఆపరేటరు తెర మీంచి కళ్ళు తియ్యకుండా. ఎప్పుడు అక్కని చేసుకుందో ఆమెకే తెలియదు. "ఈ అంకె నూట ఇరవైకి దిగగానే మళ్ళీ నూట ఎనభైకి ఎక్కాలి. అందరిదీ ఎక్కింది."

పేరులేనివాడి పక్కన నూట పదిహేడు. నూట పదహారు.

"పీకేశాడు," అంది ఫోనక్క. "మీరు ఫోను చేశాక."

ఇన్‌స్పెక్టరు ముఖం ఎర్రబడింది. తప్పు ఒప్పుకోవడం చేతకాని మనిషి, పరిగెత్తడం మాత్రం చేతనవును. టోపీ తీసుకున్నాడు. "వాల్వు గదిలోకి నేను దిగుతాను. మీరు ఇక్కడ కూర్చుని అంకెలు చూసుకోండి."

"ఒక్కరే వద్దు. బయటి గేటు దగ్గర కానిస్టేబుల్ ఉన్నాడుగా."

"వాడు గేటు వదిలితే వీడు జారుకుంటాడు. నాకు ఆడపడుచులా సలహాలివ్వకండి."

అతని బూట్ల చప్పుడు నడవా చివర స్ప్రింగు తలుపు దాకా వెళ్ళింది. తలుపు కీచుమంది. అంకె తొంభై ఎనిమిది.

*

అంకె సున్నా అయ్యేదాకా ఫోనక్క చూస్తూ కూర్చుంది. చూడక్కర్లేదు, అయినా చూసింది. ముప్ఫై. పన్నెండు. మూడు. ఆ వరస మాయమైంది. కిందున్నవి ఒక మెట్టు పైకి జరిగాయి, ఆ ఖాళీ ఎప్పుడూ లేనట్టు. ఇంత శుభ్రంగా ఎవరినైనా మర్చిపోవచ్చా అనుకుంది.

టక్, అంది గోడ.

ఆ చప్పుడు ఆమె చెవిలో ఎక్కడో అడ్డం పడింది. ఇందాక ఫోనులో వచ్చినది ఈ గది చప్పుడైతే బోలుగా, వెనక పడి రావాలి. అది వెనక పడలేదు. పైగా గోడలోంచి వచ్చినదానికంటే గట్టిగా ఉంది.

"అమ్మా, హెడ్డాఫీసులో పంపులున్నాయా?"

"అక్కడెందుకండీ? అది ఏడంతస్తుల మేడ. ఏసీ తప్ప ఏ చప్పుడూ ఉండదు."

"మీ సూపరింటెండెంటుకి మావయ్య మీద కోపమా?"

"కోపం కాదండీ." ఆపరేటరు గొంతు తగ్గించింది. "నీళ్ళు మంచివో కావో చెప్పే అంకెలు ట్యాంకుల దగ్గర నుంచి ఇక్కడికొస్తాయి. రెండు నెలలుగా అవి మరీ బాగుంటున్నాయి. వాన పడ్డా బురదొచ్చినా ఒకటే అంకె. మావయ్య ఎవరో మారుస్తున్నారని అన్నాడు. తర్వాత వారానికే బదిలీ."

ఫోనక్క ఇన్‌స్పెక్టరుకి ఫోను చేసింది. అందలేదు. వాల్వు గది భూమి అడుగున ఉంది.

మూడూ నలభై ఒకటికి పట్టీలో వరసలు ఒక మెట్టు కిందికి జరిగాయి. మూడో తలుపు. రూటర్. నూట డెబ్భై తొమ్మిది.

"మళ్ళీ వచ్చాడు!" ఆపరేటరు లేచి నిలబడింది. "పెట్టె పట్టుకుపోయి, టవరు మొదట్లో అదే వైరుకి తగిలించుకున్నాడు."

"ఎందుకు?"

అడిగిన క్షణమే తెలిసింది. వాల్వు గదిలో వాడి చేతిగుర్తులున్నాయి. చీలిక పెట్టిన వైరుంది. కడిగెయ్యాలంటే నీళ్ళు కావాలి. నీళ్ళు వదలడం వాడికి అలవాటైన పనే. లోపల మనిషున్నాడని తెలుసో లేదో. మొన్న కూడా తెలిసే వదిలాడు.

"మూడో తలుపు మూసెయ్యగలవా ఇక్కడి నుంచి?"

"ఒక్క మాట కొడితే మూసుకుంటుంది. గేటు తెరుస్తున్నవాడి లైను తెగితే గేటు ఉన్నచోటే ఆగిపోతుంది."

"ఆ మాట కొట్టి, ఎంటర్ నొక్కకుండా వదిలెయ్యి. గేట్లలోకి ఎవరెప్పుడు వచ్చారో రాసుకునే తెర పక్కన తెరువు. నువ్వు పరిగెత్తు. ట్యాంకు గట్టు మీద నిలబడి కేకలెయ్యి, అతను పైకొచ్చేదాకా."

ఆపరేటరు చెప్పులు వదిలేసి పరిగెత్తింది. తలుపు కీచుమంది. ఫోనక్క ఒంటరిగా మిగిలింది.

ఇప్పుడే నొక్కెయ్యొచ్చు. ఇన్‌స్పెక్టరు బతుకుతాడు. పెట్టె పట్టుకుని వాడు ఏ కాలవలోనో పారేస్తాడు. పట్టీలో పేరు మూడు నిమిషాల్లో చెరిగిపోతుంది. ఐదింటికి జడ్జి ముందు మిగిలేది, ఏడాది కిందట అబద్ధం సంతకం పెట్టిన ముసలాయన, ఆయన పేరుతో తెరిచిన గేటు.

ఆగితే? వాడి పెట్టెలో దాచుకున్న పేరు ఒకటే. కంగారులో దానితోనే లోపలికొస్తాడు. ఆ పేరు తెర మీద పడితే, మావయ్య లాకప్పులో ఉన్న సమయంలో మావయ్య పేరుతో ఇంకెవరో వచ్చారని ఈ యంత్రమే రాసి ఇస్తుంది. పక్క తెర మీది పాత గీతల ప్రకారం మొన్న పదకొండూ నలభై రెండూ పది సెకన్లకి లోపలికి వచ్చాడు, నలభై రెండూ ముప్ఫై ఒకటికి గేటు తెరిచాడు. మధ్యలో ఇరవై ఒక్క సెకను. ఆ ఇరవై ఒక్కటిలో తను ఒక మీట నొక్కలేదా?

నొక్కగలదు. మొన్నటిలాగే ఉంటే.

ఆమె వేలు మీట మీద ఉంది. జీవితంలో చాలా ఏళ్ళు తనకొక పనుండేది. రెండు లైన్లు ఒకేసారి మోగితే ఏది ముందు తీయాలో తేల్చడం. అప్పుడు కూడా పక్కన అడగడానికి ఎవరూ ఉండేవారు కాదు. ఇన్‌స్పెక్టరు మీద తనకున్న చికాకు ఈ ఆగడంలో ఎంత కలిసింది? ఆ ప్రశ్న వచ్చినందుకు భయపడింది. జవాబు వెతకలేదు.

టక్. ఏడు సెకన్లు. టక్.

మూడూ నలభై మూడూ పదహారు సెకన్లకి గీత పడింది. మావయ్య పేరు. అక్షరం అక్షరం చదివింది. చదువుతుండగానే కింద ఇంకో గీత పడింది. మూడో ట్యాంకు గేటు, తెరువు. పందొమ్మిది సెకన్లు. మూడు సెకన్లే.

ఆమె వేలు తన ప్రమేయం లేకుండానే కిందికి వెళ్ళింది. తెర మీద మూడో తలుపు మూసుకుంది. గేటు తెరుచుకుందో ఆగిందో తెర చెప్పలేదు.

పట్టీలో వదిన పక్కన నూట నలభై. పేరులేనివాడి పక్కన నూట అరవై రెండు. ఇద్దరి అంకెలూ కలిసి తగ్గడం మొదలైంది. దొంగకోసం మూసిన తలుపు వదిన మీద కూడా పడింది.

*

ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి మూడూ యాభై రెండు. నడుము దాకా తడిసి ఉన్నాడు. బూట్లలోంచి నీళ్ళు కారుతున్నాయి. చేతిలో నాలుగు వైర్లు వేళ్ళాడుతున్న చిన్న పెట్టె ఉంది, వైరుని చీల్చినది అదే. వెనకాల ఆపరేటరు, గొంతు పోయి, గోడ పట్టుకుని నిలబడింది.

"గేటు జానెడు లేచి ఆగింది," అన్నాడతను. "ఇంకొక్క జానెడు లేస్తే నిచ్చెన అందేది కాదు. ఆపింది మీరేనట."

"నేనే."

"వాడు మళ్ళీ తగిలించాడని ఎప్పుడు చూశారు?"

"నలభై ఒకటికి."

"గేటు లేచింది నలభై మూడుకి." అతను లెక్క వేసుకున్నాడు. పోలీసు కదా, ఎంతోసేపు పట్టలేదు. "రెండు నిమిషాలు ఆగారు. నేను కింద ఉన్నానని తెలిసి."

"పేరు పడేదాకా ఆగాను." ఆమె తెర అతని వైపు తిప్పింది. "చదవండి. ఇరవై ఒక్క సెకను ఉంటుందనుకున్నాను. మూడే ఇచ్చాడు. ఆ లెక్క తప్పు నాది. మీరు తిడితే పడతాను. కానీ ముందు చదవండి."

అతను చదివాడు. నీళ్ళు కారుతున్న వేలు మావయ్య పేరు మీద పెట్టాడు, తర్వాత సమయం మీద.

"ఈ టైముకి ఆయన..."

"మీ లాకప్పులో ఉన్నాడు. తాళం మీ దగ్గరే ఉంది. ఇంతకంటే మంచి సాక్షి దొరకడు."

ఇన్‌స్పెక్టరు ఆపరేటరుతో, "ఇది అచ్చు తియ్యండి," అన్నాడు. ప్రింటరులోంచి వచ్చిన కాయితం మీద తడి చేత్తోనే సంతకం పెట్టి, టైము వేసి, ఆరుతుందని ఫోనక్క ముందు పెట్టాడు. థాంక్స్ అనలేదు, తిట్టనూ లేదు. ఆమెకి రెండోదే కావాలనిపించింది.

బల్ల మీద అతని ఫోను మోగింది. సూపరింటెండెంటు. ఫోనక్క తనే స్పీకరు నొక్కి, పెదాల మీద వేలు పెట్టింది.

"ఇన్‌స్పెక్టరుగారూ, ఏమైంది? కంట్రోల్ రూము ఫోను ఎత్తరేం?" అన్నాడతను. "నేను బయల్దేరాను. ఇంకో గంటలో ఉంటాను."

హోరు. టక్. ఫోనులో గట్టిగా, గోడలో సన్నగా. ఫోనక్క వేళ్ళు ఎత్తి, ఇన్‌స్పెక్టరు ముఖం ముందు ఒక్కొక్కటే మడిచింది. ఏడో వేలు మడిచేసరికి మళ్ళీ టక్. అతని కళ్ళు గోడ వైపు వెళ్ళి, ఫోను మీదికి వచ్చాయి. చెయ్యి తడిసిన నడుము మీద తుపాకీ కోసం వెతికింది. తుపాకీ ట్యాంకు నీళ్ళలో ఎక్కడో ఉంది.

"అక్కడ ఎవరెవరున్నారు?" అంది ఫోను. "మావయ్య పట్టీ గురించి చెప్పిన ఆవిడ కూడా ఉందా?"

పట్టీలో పేరులేనివాడి వరస ఎప్పుడో చెరిగిపోయింది. వదినది కూడా. ఆరుగురు మిగిలారు. అందరూ ఉన్నారా అని మావయ్య అడుగుతాడు. ముందు ఆ తలుపు తెరవాలి అనుకుంది ఫోనక్క, కాయితం మడిచి రవికెలో దోపుకుంటూ.

అప్పుడు ఫోనులో స్ప్రింగు తలుపు కీచుమంది.

నడవా చివర కూడా.